సెలూన్లో బూజు

"మళ్ళీ పట్టింది," అంది హా మిరాన్, గొడుగైనా ముడవకుండా గుమ్మంలోంచే కుండీ వైపు చూసి.

"పట్టిందండీ," అన్నాడు తాక్ దోగిల్. విచారంగా అనాలనుకున్నాడు గానీ గొంతులో సంతోషం దాగలేదు.

కొరియాలోని జన్‌జు ఊళ్ళో పాత బజారు వెనక వీధిలో ఉంది దోగిల్ సెలూన్. మిరాన్ వార్డు ఆఫీసు నడిపే మొక్కల ఆసుపత్రిలో డాక్టరు. చీటీ రాయించుకుంటే ఇంటికే వచ్చి మొక్కని చూస్తుంది. ఒక చీటీకి మూడుసార్లు, అదీ గురువారాల్లో. ఇది మూడోసారి. అద్దం పక్కన ఉన్న రబ్బరు మొక్క నిక్షేపంలా ఉంది. దాని మొదలు దగ్గర మట్టి మీద మాత్రం దూది పరిచినట్టు తెల్లగా బూజు.

"వానాకాలం కదమ్మా, మా ఇంట్లో చెప్పులకే పట్టింది," అన్నాడు నామ్ తాత. ఆయన కుర్చీలో వెనక్కి వాలి ఉన్నాడు, మొహం నిండా సబ్బు నురగ.

"మీ చెప్పుల సంగతి నాకు తెలీదు తాతగారూ. కుండీలో బూజు మాత్రం ఊరికే రాదు. ఇన్నేళ్ళలో నాకు లొంగని బూజు లేదు. ఇదొక్కటే నా పరువు తీస్తోంది. ఇవాళ దాని సంగతి తేలుస్తాను."

గొడుగు దులపడానికి ఆమె మళ్ళీ బయటికెళ్ళింది.

దాని సంగతి దోగిల్‌కి తెలుసు. మొదటిసారి బూజు దానంతటదే వచ్చింది. అప్పుడు ఆమె వచ్చింది, గంటసేపు కూర్చుంది, బార్లీ టీ తాగింది, అతను చెప్పిన పాడు జోకుకి పడీ పడీ నవ్వింది. ఆ నవ్వు మళ్ళీ వినాలంటే బూజు మళ్ళీ రావాలి. అందుకని రోజూ పొద్దున్నే బియ్యం కడిగిన నీళ్ళు తెచ్చి కుండీలో పోస్తున్నాడు. భార్య పోయాక ఈ ఏడేళ్ళలో తనకొచ్చిన తెలివైన ఆలోచన ఇదొక్కటేనని అతని నమ్మకం.

"ఏరా, ముప్ఫై ఏళ్ళుగా ఊళ్ళో అందరి పీకల మీదా కత్తి పెడుతున్నావు," నామ్ తాత గొంతు తగ్గించాడు. "నువ్వూ ఒంటరివాడివే, ఆవిడా ఒంటరిదే. భోజనానికొస్తారా అని ఒక్కమాట అడగడానికి నీకు నోరు పెగలదా?"

"కదలకు పెద్దాయనా, తెగుతుంది."

"ఇవాళ్టితో చీటీ అయిపోతుంది. రేపట్నించి ఆ రబ్బరు మొక్కతోనే కబుర్లు చెప్పుకో."

"ఎందుకైపోతుంది? తగ్గిందని రాస్తేనే మూసేస్తారు. తగ్గకపోతే పొడిగిస్తారు. అంత బూజు చూసి తగ్గిందని ఎవరు రాస్తారు?" అన్నాడు దోగిల్, కత్తి తోలు మీద ధీమాగా నూరుతూ.

మిరాన్ లోపలికొచ్చి కుండీ దగ్గర మోకాళ్ళ మీద కూర్చుంది. చెంచాతో రెండు వేళ్ళ లోతు మట్టి గీకి కాగితంలో వేసింది. చిటికెడు తీసి ముక్కు దగ్గర పెట్టుకుంది.

"దీనికి ఏం పోస్తున్నారు?"

"నీళ్ళండీ. మంచినీళ్ళు."

"మంచినీళ్ళకి ఇంత పులిసిన వాసన రాదే." ఆమె కుర్చీ వైపు తిరిగింది. "తాతగారూ, మీరు రోజూ ఇక్కడే ఉంటారుగా. ఈయనేం పోస్తున్నారు?"

"నా నోట్లోకి సబ్బు పోయిందమ్మా, మాట్లాడలేను," అన్నాడు నామ్ తాత స్పష్టంగా.

మిరాన్ మళ్ళీ కుండీ వైపు తిరిగింది. కింద పళ్ళెంలో నిలిచిన నీళ్ళు పారబోసింది. గీకిన చోట దాల్చినచెక్క పొడి చల్లి, పైన పొడి ఇసుక పరిచింది. కుండీని కిటికీ దగ్గరికి జరిపి ఫ్యాను అటు తిప్పింది. రెండు కణుపుల దాకా వేలు గుచ్చి, మట్టి పొడిగా తగిలితేనే నీళ్ళు పొయ్యమని చెప్పింది. పాతికేళ్ళుగా ఇదే పని చేస్తున్న చేతులు. ఒక్క కదలికా వృథా పోలేదు. దోగిల్ గడ్డం గీయడం మానేసి చూస్తూ నిలబడ్డాడు.

"ఇప్పుడు బూజు కనిపిస్తోందా?"

"ఇప్పుడు లేదు గానీ..."

"అయితే తగ్గినట్టే." ఆమె చీటీ తీసి రాసి, కింద సంతకం పెట్టింది. "కేసు మూసేశాను."

గురువారాలు ఇక గురువారాల్లా ఉండవు. ఆమె వచ్చే రోజున వేసుకుందామని కొన్న నీలం చొక్కా ఇక ఎందుకు? కుర్చీలో తాత మోచేత్తో పొడుస్తున్నాడు. దోగిల్ భోజనం మాట వదిలేసి చీటీ మాటే ఎత్తాడు.

"పూర్తిగా తగ్గిందంటారా డాక్టరు గారూ? పొడిగిస్తారేమో అనుకున్నాను."

"పొడిగించిన చీటీకి నేను రావడం ఇంకొక్కసారే."

"మరి... మళ్ళీ వస్తే?"

"మళ్ళీ వస్తే కొత్త చీటీ రాయించుకోండి. కొత్త చీటీకి మళ్ళీ మూడుసార్లు."

ఆమె సంచి భుజానికి తగిలించుకుంది. గుమ్మంలో గొడుగు విప్పి, వానలోకి అడుగు పెట్టబోతూ ఆగింది. వెనక్కి తిరగలేదు గానీ చెవులు ఎర్రబడ్డాయి.

"ఇంకోమాట తాక్ గారూ. బియ్యం కడిగిన నీళ్ళతో బూజు రావడానికి రెండు వారాలు పడుతోంది. ఈసారి ఓ గ్లాసుడు బియ్యపు కల్లు పొయ్యండి, గురువారానికల్లా వచ్చేస్తుంది."