ఇరవై బంతులకు ఒక గోల్‌కీపర్

మునిరాజ్ నా షాపు బల్ల మీద కాగితం పరిచి, గాలికి ఎగిరిపోకుండా దాని మీద మోటారు బేరింగొకటి పెట్టాడు.

ఆవడి క్లబ్బు వాళ్ళ ఉత్తరం. మా తిరుత్తణి అమ్మాయిల ఫుట్‌బాల్ టీం గోల్‌కీపర్ యశస్విని వాళ్ళకు కావాలట. బదులుగా ఇరవై బంతులు, రెండు గోలు వలలు ఇస్తారట.

"శనివారం అయిదింటికల్లా సంతకం పెట్టాలంట ద్వారక బావా. ఏమంటావు?"

మునిరాజ్ టీంకి కోచ్. నేను మునిరాజ్‌కి కోచ్‌ని. పదేళ్ళుగా ప్రతి ఆదివారం ఈ మోటారు వైండింగ్ షాపు మూసేసి, గోలుపోస్టు వెనక నిలబడి అరుస్తున్నవాణ్ణి. కుడికాలి పిల్లని ఎడమపక్క ఆడించొద్దని గొంతు పోయేదాకా చెప్పాను. వింటేగా! పోయిన వారం మూడు గోల్స్ అటువైపు నుంచే పడ్డాయి.

"నీకు బేరం తెలీదురా," అన్నాను. "సంతలో వంకాయలమ్మే మునెమ్మ నీకంటే మేలు. సీజను నడిమధ్య కీపర్ని ఎవురన్నా ఇచ్చేస్తారా? ఆ పిల్ల పోతే టీం మునిగినట్టే. ఇరవై బంతులు పెట్టుకుని ఏం చేస్తావు, పూజ చేస్తావా?"

"యశ పోతే మన మనీష ఉండాది గదా," అన్నాడు మెల్లగా.

మనీష నా కూతురు. రెండో గోల్‌కీపర్. రెండేళ్ళుగా బెంచీ మీదే. ఒక్క మ్యాచ్ ఆడకపోయినా ప్రతి శనివారం గ్లవ్స్ ఉతికి ఆరేసుకుంటుంది.

"నా కూతురని చూడొద్దురా. టీమే ముందు."

ఆ మాటే టీం వాట్సాప్ గ్రూపులోనూ పెట్టాను. నాలుగు వాయిస్ మెసేజీలు. అందరూ చప్పట్ల బొమ్మలు పెట్టారు.

గురువారం కృత్తిక, కొండ మీది స్వామి నక్షత్రం. కొండెక్కాను.

స్వామి ముందు చేతులు జోడించి, మోకాళ్ళ నొప్పి తగ్గించమని అడగబోయాను.

"ఆ పిల్ల ఆవడికి పోతే గుండు కొట్టించుకుంటా సామీ," అన్నాను.

నోరు నాదే. మాటా నాదే. ఎవరి మీదకు తోసేది?

శుక్రవారం ఒక మోటారుకు చుట్లు తప్పు చుట్టాను. ఊడదీసి మళ్ళీ చుట్టాను. మళ్ళీ తప్పే. రెండు నిమిషాలకోసారి ఫోను చూడటం, పక్కన పెట్టడం. ఆగలేక మునిరాజ్‌కి చేశాను.

"నలభై బంతులు అడగరా!"

"అడిగినా బావా. కుదరదన్నారు."

"మళ్ళీ అడుగు!"

బేరం చెడాలని అడగమన్నానో, కుదరాలని అడగమన్నానో నాకే తెలియలేదు.

శనివారం అయిదు దాటాక యశస్విని షాపుకొచ్చింది.

"సంతకం అయిపాయ మామా."

చేతిలో ఉన్న రాగితీగ బల్ల మీద పెట్టాను.

"వాళ్ళకి ముందే ఇద్దరు కీపర్లుండారంట. నేను మూడోదాన్ని. ఈ ఏడంతా బెంచీనే."

"మరెందుకు ఒప్పుకుంటివమ్మా?"

"నన్నెవురు అడిగినారు? హాస్టలు, చదువు వాళ్ళే చూసుకుంటారని ఇంట్లో సరే అనేసినారు."

సంచిలోంచి తన గ్లవ్స్ తీసి బల్ల మీద పెట్టింది.

"మనీషకియ్యి మామా. దానివి చినిగిపోయుండాయి. అక్కడ నాకిప్పుడే పనుండదు."

గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగింది.

"నా కోసం కొట్లాడింది నువ్వొక్కడివే మామా."

వంగి కాళ్ళకు మొక్కబోయింది. నేను గబుక్కున వెనక్కి జరిగాను. చెయ్యి తగిలి బల్ల మీది బేరింగ్ కింద పడి దొర్లుకుంటూ బల్ల కిందికి పోయింది.

మొక్కు నాలుగు వారాలు ఆగి తీర్చుకోవచ్చు. ఎవరికీ అనుమానం రాదు. కానీ మర్నాడే తిరువళ్ళూరులో మ్యాచ్, మనీష మొదటిసారి గోల్‌లో నిలబడే రోజు. దేవుడికి ఎగనామం పెట్టి బిడ్డని ఎట్లా నిలబెట్టేది?

పొద్దున్నే కొండ మీద గుండు గీయించుకుని, చందనం పూసుకుని, తల మీద తువ్వాలు కప్పుకుని లోకల్ రైలెక్కాను.

తిరువళ్ళూరు మైదానంలో గోలుపోస్టులకు వలలుండవు. మునిరాజ్ గొప్పకు పోయి ఆవడి వాళ్ళిచ్చిన కొత్త వలలు తెచ్చి కట్టాడు. తెల్లగా మెరుస్తున్నాయి.

"ఏం ద్వారకన్నా, ఏం మొక్కు?" అన్నారు ఎవరో.

"సుమ్మా," అన్నాను. ఊరికే గుండు గీయించుకునేవాడు ఎక్కడైనా ఉంటాడా!

మనీష గోల్ దగ్గరికి వచ్చింది. చేతులకు యశస్విని గ్లవ్స్. మొహం వెలిగిపోతోంది. ఆ వెలుగు చూడటానికే కదా ఇదంతా అనుకున్నాను.

గాలికి నా తువ్వాలు జారింది.

"ఏం మొక్కు నైనా?" అంది మనీష.

తువ్వాలు మళ్ళీ తల మీదకు లాక్కున్నాను.

"ఎప్పుడు మొక్కుకుంటివి?"

మొక్కు గురించి అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు.

"కృత్తికకి."

"గురువారమా? యశ పోకూడదని గ్రూపులో మాట్లాడినాకనా?"

తల ఊపాను.

కొత్త వల వైపు చూసింది. నా గుండు వైపు చూసింది.

ఒక చేతి గ్లవ్ తీసింది. రెండోదీ తీసింది. రెండూ నా చేతిలో పెట్టింది.

"ఇవి పట్టుకో."

పోస్టు పక్కనున్న సంచిలోంచి తన పాతవి తీసి తొడుక్కుంది. కుడిచేతి బొటనవేలు బయటికే ఉంది.

విజిల్ ఊదారు. ఎడమపక్క మళ్ళీ ఆ కుడికాలి పిల్లే.

"ఏం ద్వారకన్నా, ఈ పొద్దు నోరు లేయలేదే?" అన్నారు వెనకనుంచి ఎవరో.

తిరువళ్ళూరు పిల్లలు బంతి తీసుకుని మనీష వైపే వస్తున్నారు.

నేను గ్లవ్స్ రెండూ పట్టుకుని నిలబడ్డాను.