బొబ్బర్లు తినే వరస

ఆ ఉదయం ఆకాశం ఎర్రటి దుమ్ముతో మూసుకుపోయి, సూర్యుడు మసిపట్టిన గిన్నె అడుగులా కనిపించాడు. ఆ దుమ్ములోంచే సైనికుల లారీ వచ్చి నీళ్ల ఇంజను ముందు ఆగింది.

బంగారం ధర పడిపోయింది. గని మూతపడింది. నిన్న రాజధానిలో ప్రభుత్వమూ పడింది. గని ముద్ర ఉన్న ప్రతి వస్తువునూ పట్టుకురమ్మని కొత్త పాలకుల ఉత్తరువు.

"విప్పండి," అన్నాడు సార్జంటు. అతను ముఖానికి చుట్టుకున్న తలగుడ్డ కొస ఛాతీ మీద వేలాడుతోంది.

పానా పట్టుకుని ముందుకొచ్చిన సైనికుడు ఆగిపోయాడు. ఇంజను మీద ఒక ముసలామె నిటారుగా కూర్చుని ఉంది.

"లే అవ్వా. ఇది గనిది."

"ఇంజను గనిదే. బావి ఎవరు తవ్వారనుకున్నావ్? పదిహేను నిలువుల మట్టి మా నాలుగూళ్ల ఆడవాళ్లం నెత్తిన మోశాం. గని పోయింది, మంత్రులు పోయారు, మేం ఇక్కడే ఉన్నాం. ఇది ఎండాకాలం. నీళ్లు ఆగితే వారంలో పశువులు పోతాయి, ఆ పై వారం పిల్లలు. నేను న్యాకలే జారాను. ముందు నన్ను విప్పి, తర్వాత దీన్ని విప్పు!"

సార్జంటు ఆమె వైపు చూశాడు. బావి దగ్గర వరసగా ఉన్న బిందెల వైపు చూశాడు.

"జారావా? ముందే చెప్పవేం! నేను త్రావొరేని."

వెనక ఒక సైనికుడు గట్టిగా దగ్గాడు.

జారా ఇంటిపేరు వాళ్లకూ త్రావొరే ఇంటిపేరు వాళ్లకూ తాతలనాటి నుంచి పరాచికాల వరస. బొబ్బర్ల తిండిపోతువనీ, మా బానిసవనీ ఎంత తిట్టుకున్నా కోపం రాకూడదు. అడిగింది కాదనకూడదు. చెయ్యి అసలే ఎత్తకూడదు. తుపాకీ ఉన్నా అంతే.

న్యాకలే ముఖం వెలిగింది. "ఓరి బొబ్బర్ల తిండిపోతూ! మా ఇంటి బానిసవేనా? ఆ తలగుడ్డలో పోల్చుకోలేదురా. పో, ఆ బిందెలు నింపు!"

"నేనా తిండిపోతుని? కుండెడు బొబ్బర్లు ఒక్కదానివే మింగేదానివి నువ్వు!" అంటూనే సార్జంటు ఆమెను చెయ్యి పట్టి దించి ఇంజను తిప్పాడు. అది ఒక్క తిప్పుకే అందుకుని డబడబా నీళ్లు పోసింది. సైనికులు పగలబడి నవ్వారు.

"మరి పైవాళ్లకేం చెప్దాం సార్?" అడిగాడు పానా పట్టుకున్నవాడు.

"తుక్కయిపోయింది, తిరగదు అని రాసుకో," అన్నాడు సార్జంటు, ఆ చప్పుడులో గొంతు పెంచి.

మధ్యాహ్నం అందరూ ఒకే పళ్లెం చుట్టూ కూర్చున్నారు. షియా గింజల వెన్న వేసిన బొబ్బర్లు. చేతులు కడుక్కుని సార్జంటు తలగుడ్డ విప్పి పక్కన పెట్టాడు. చొక్కా జేబు మీద కుట్టిన ఇంటిపేరు బయటపడింది. న్యాకలే ముసలితనంలో నేర్చుకున్న అక్షరాలతో దాన్ని కూడబలుక్కుంది.

తన వైపున్న బొబ్బర్లు అతని వైపుకు తోసింది. అతను తలెత్తలేదు.

జేబు మీద ఉన్నది త్రావొరే కాదు, మైగా.