డ్రిల్లు దిగిన గోడ

"ఆ డ్రిల్లు బంద్ చెయ్యి!" అంటూ శివానంద్ గోడకు అడ్డంగా నిలబడ్డాడు.

టీవీ బిగించడానికి వచ్చిన ఇస్హాక్ మిషన్ దించి, ఇంటాయన రాజశేఖర్ వైపు చూశాడు.

"నాలుగు బొక్కలు కొట్టి ఏడు వందలు పట్కపోతడు. గా పని నేను చెయ్యనారా? నీ ఇల్లు కట్టిందే నేను!" అన్నాడు శివానంద్ దోస్తు వైపు తిరిగి.

"నిన్నటి సంది గదే పాట. రేపు టీవీ కింద పడితే నువ్వు కొనిస్తవా అన్నా?" వంటింట్లోంచి రాజశేఖర్ భార్య సుష్మ అడిగింది.

రాజశేఖర్ నవ్వాడు. "నా పైసల మీద నాకన్న నీకే ఫికర్ ఎక్కువుందిరా. జర జరుగు."

డ్రిల్లు ఏ అడ్డూ లేకుండా లోపలికి దిగింది. బొక్కలోంచి ఎర్రమట్టి జలజలా రాలింది. ఇస్హాక్ మరో రెండు చోట్ల కొట్టి చూశాడు. అక్కడా మట్టే.

"సిమెంట్ లేదు సార్. స్క్రూ పట్టదు. ఈ గోడకు క్యాలెండర్ కూడా తగిలియ్యకున్రి."

"వానకు నానినట్టుంది," అన్నాడు శివానంద్.

"రెండు రూముల నడిమి గోడ. దీనికి వాన యాడికెల్లి తగుల్తదిరా?"

శివానంద్ రాలిన మట్టిని కాలితో పక్కకు నెట్టాడు. డ్రిల్లంటే అతనికి ఎందుకంత భయమో రాజశేఖర్‌కు అప్పుడు అర్థమైంది.

"ఇస్హాక్ భాయ్, లోపలి రూంల ఇంకొకటి కొట్టు. మా పిల్లలు పండుకునే కాడ."

"వద్దురా," అన్నాడు శివానంద్. ఈసారి అడ్డం నిలబడలేదు.

రాజశేఖర్ అతని వైపు చూడనేలేదు.

"సుష్మా! పిల్లల్ని లేపి బయటికి పట్కరా."