నలభై రెండో వీధి

ఊరి పటాన్ని తలా ఓ వీధి కొలిచి, ఉచితంగా కంప్యూటర్లో గీసే బృందం అది. వెయ్యి వీధులు గీసినవాళ్లు కాలం చేస్తే పటం మొదటి పేజీలో పేరు వేస్తారు.

నత్త గీసినవి నలభై ఒక్కటే.

ఆయన్ని ఎవరూ చూడలేదు. ఇంటినుంచే పంపేవాడు. వీధికి నెలలు పట్టేది కాబట్టి ఆ పేరు పెట్టారు. మెట్లెన్ని, కాలిబాట ఎంత ఎత్తు, ఏ మురుగుకాలువ మూత ఊగుతోంది, అన్నీ రాసేవాడు. పటం గీయమంటే జాతకం రాస్తాడని నవ్వుకునేవాళ్లు.

ఆయన పోయాడని భార్య రెండు ముక్కలు రాసింది. నలభై రెండో వీధి సగంలో ఆగిందట, క్షమించమంది.

ఆ క్షమించమన్న మాట, పటంలో తప్పులు దిద్దే అమ్మాయికి గుచ్చుకుంది. సమావేశంలో ఆయన పేరు వేయాల్సిందేనని పట్టుబట్టింది.

బృందానికి పెద్ద, రిటైరైన సర్వేయరు, ఒప్పుకోలేదు.

"నలభైకే పేరు వేస్తే రేపు మా బావమరిది కూడా వరసలో నిలబడతాడమ్మా."

"మీ వీధుల్ని ఎన్నిసార్లు దిద్దానో తెలుసా బాబాయ్?"

"ఎన్నిసార్లేమిటి?"

"మూడొందల పన్నెండు. ఆయనవి ఒక్కసారి కూడా దిద్దలేదు."

సర్వేయరు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"అయితే ఒక్క పేరుతో సరిపోదు. ఆ వీధి మనమే పూర్తి చేద్దాం. ఆయన పద్ధతిలోనే."

ఆదివారం పద్దెనిమిది మంది టేపులు పట్టుకుని దిగారు. గంట పని అనుకున్నారు. పొద్దు వాలేసరికి అరవై గజాలు దాటలేదు. వంగి వంగి నడుములు పట్టేశాయి. అయినా మరుసటి వారం ఇరవై ఆరుగురు వచ్చారు.

మూడో ఆదివారానికి వీధి పూర్తయింది. ఇకమీదట ఏ వీధి గీసినా నత్త పద్ధతే అని సర్వేయరే తీర్మానం రాశాడు. పటం విడుదలకు ఆయన భార్యను పిలిచి ఆవిడ చేతే మీట నొక్కించారు. మొదటి పేజీలో ఆయన పేరు వెలిగింది. చప్పట్లతో గది దద్దరిల్లింది.

అమ్మాయి ఆవిడ పక్కన చేరింది.

"మూడు వారాలకే మా కాళ్లు పడిపోయాయి పిన్నిగారూ. ఆయన అన్ని వీధులు ఎలా నడిచారండీ?"

ఆవిడ తెరమీద పేరునే చూస్తూ నిండుగా నవ్వింది.

"ఆయన నడిచిందెక్కడమ్మా, చక్రాల కుర్చీలో కూర్చుని చెబుతుంటే, తోసిందీ మెట్లెక్కి కొలిచిందీ నేను."