మెర్ల్ పేరెత్తితే

"మీవారేరమ్మా? కారు పార్క్ చేస్తున్నారా?" తలుపు దగ్గరే ఆపి అడిగాడు అమ్మకాల కుర్రాడు ట్రెంట్. "భార్యాభర్తలిద్దరూ ఉంటేనే లోపలికి. ఇక్కడి రూలది."

"ఆయన రారు బాబూ. పోయిన చలికాలంలో పోయారు," అంది ఆర్డిత్.

"అయ్యో, పాపం!" అంటూ ట్రెంట్ చేతిలోని ట్యాబ్‌లో ఏదో నొక్కాడు. "అయితే పర్లేదు, రండి."

బ్రాన్సన్ సరస్సు ఒడ్డునున్న ఆ విడిదిలో ఏడాదికి ఒక వారం ఉండే హక్కు ఆర్డిత్‌ది. మెర్ల్ ఉండగా ఇద్దరూ కలిసి కొన్నారు. ఇప్పుడా వారం ఒక్కతే గడపలేకపోతోంది, వదిలించుకుందామంటే కుదరడం లేదు. ఏటేటా కట్టాల్సిన రుసుము మాత్రం పెరుగుతోంది. ఇంకేదైనా తలకెత్తుకుంటే ఉంటున్న ఇల్లు అమ్ముకోవాల్సిందే. 'పాత సభ్యులతో ముచ్చట, టిఫిన్ ఉచితం' అని ఫోన్ వస్తే, తన వారం వెనక్కి తీసుకోమని అడుగుదామని వచ్చింది.

ట్రెంట్ చూపించిన గుండ్రటి బల్ల దగ్గర అప్పటికే టోపీ పెట్టుకున్న ఓ పెద్దాయన కూర్చుని ఉన్నాడు. ఆర్డిత్ పళ్లెం ముందు పెట్టుకుని తలవంచి ప్రార్థన చేసుకుంది. కళ్ళు తెరిచేసరికి ఆయనా టోపీ తీసి తలవంచుకుని ఉన్నాడు.

"ఆమెన్," అన్నాడాయన.

తన ప్రార్థనకు ఇంకో గొంతు ఆమెన్ పలకగా ఆమె విని చాలా నెలలైంది.

"నా పేరు వెండెల్. నాకూ ఇక్కడో వారం ఉంది, నేనూ ఒంటివాణ్ణే," అని ఆయన గొంతు తగ్గించాడు. "గుడ్లు తినండి. కబుర్లు మాత్రం నమ్మకండి. తలుపు దగ్గర మీ మాట విన్నాను. మీవారి పేరేమిటి?"

"మెర్ల్. నేను ఆర్డిత్‌ని."

"మంచి పేరు."

ట్రెంట్ వచ్చి సముద్రాల బొమ్మలు, మంచుకొండల బొమ్మలు చూపించాడు. "వెనక్కివ్వడం దేనికమ్మా? ఇంకో వారం తీసుకోండి, రుసుము బాధే ఉండదు."

"ఒకటే మోయలేకపోతుంటే రెండోదా?"

"కిటుకంతా అక్కడే ఉందమ్మా!" అంటూ అతను కాఫీ తేవడానికి లేచాడు.

వెండెల్ ముందుకు వంగాడు. "ఇప్పుడు గంట మోగుతుంది, చూడండి."

మోగింది. హాలంతా చప్పట్లు.

"ఎవరో కొన్నారట. నిజంగా కొన్నారో లేదో ఆ గంటకే తెలియాలి."

ఆర్డిత్ ఫక్కున నవ్వింది. తన నవ్వు తనకే కొత్తగా వినిపించింది. "తర్వాత?"

"ఈ ధర ఇవాళ్టికే అంటాడు. మీరు వద్దంటే పెద్ద మేనేజరమ్మ వచ్చి ఇంకాస్త తగ్గిస్తుంది. కాగితాలు ఇంటికి తీసుకెళ్ళి చదువుకుంటానంటే మాత్రం ఇవ్వరు."

"అంతేనా?"

"ఆఖరిది అన్నిటికంటే పాడుది. మీవారి పేరెత్తుతారు. పోయినవాళ్ళ పేరు చెవిన పడిందా, చేతిసంచి మూసెయ్యండి."

అన్నీ ఆయన చెప్పిన వరసలోనే జరిగాయి. మేనేజరమ్మ వచ్చింది, ధర తగ్గించింది, కాగితాలు ఇవ్వనంది. ఆర్డిత్ తల అడ్డంగా ఊపుతూనే ఉంది. చివరికి ట్రెంట్ కుర్చీ దగ్గరకు లాక్కున్నాడు.

"మెర్ల్ గారుంటే ఏమనేవారమ్మా? మీరిలా నాలుగ్గోడల మధ్య కూర్చోవాలని ఆయన కోరుకునేవారా?"

ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. కొనే కాగితాలకి కావాల్సిన డ్రైవింగ్ లైసెన్స్ కోసం చెయ్యి సంచిలోకి వెళ్ళింది. ఎదురుగా వెండెల్ చిన్నగా దగ్గాడు.

ఆర్డిత్ చెయ్యి బయటికి తీసి సంచి జిప్పు లాగేసింది. "వద్దు బాబూ."

ట్రెంట్ ముఖంలో నవ్వు దీపం ఆర్పినట్టు పోయింది. "బయటికి దారి అటు," అన్నాడు.

పార్కింగ్‌లో ఆమె కారు తాళాలు వెతుక్కుంటుంటే వెనకనుంచి వెండెల్ పిలిచాడు. "ఇంట్లో ఎవరైనా ఎదురు చూస్తున్నారా? లేకపోతే ఓ కాఫీ తాగుదాం."

రోడ్డవతల చిన్న హోటల్లో ఇద్దరూ వాల్‌నట్ కేకు తెప్పించుకున్నారు. ఆర్డిత్ మాట్లాడింది. కారు అద్దం ఇంకా మెర్ల్ ఎత్తుకే ఉందని, దాన్ని తిప్పడానికి మనసొప్పక మెడ సాచి చూస్తూ నడుపుతానని చెప్పింది. ఎవరికీ చెప్పని మాట అది. వెండెల్ నవ్వలేదు, గడియారం చూడలేదు. కేకు ముట్టకుండా విన్నాడు.

బుధవారం చర్చిలో భోజనాలకు ఈయన్ని పిలిస్తే తప్పా, అనుకుందామె. రోజూ తోడు కోసం అడుగుతున్నదానికి జవాబు ఇలా టోపీ పెట్టుకుని వస్తుందా ప్రభూ?

"ఆర్డిత్ గారూ, మీ వారం సంగతి," అంటూ వెండెల్ కోటు జేబులోంచి మడతపెట్టిన కాగితం తీశాడు. "మా వాళ్ళ ఆఫీసొకటుంది. ఇలాంటివి వదిలించడమే వాళ్ళ పని. ముందు కొంచెం కట్టాలి, అంతే."

"దేవుడు పంపినట్టే వచ్చారు," అంటూ ఆమె సంచి తెరిచింది. "కాగితం ఇంటికి తీసుకెళ్ళి చదువుకుని, రేపు కడితే సరిపోతుందా?"

"రేపటికి ఈ ధర ఉండదండీ." వెండెల్ ఆమె చేతిమీద చెయ్యి వేశాడు. గొంతు మెత్తగానే ఉంది. "మెర్ల్ గారుంటే ఏమనేవారో, ఒక్కసారి ఆలోచించండి."

ఆర్డిత్ ఆ చేతివంక చాలాసేపు చూసింది. తర్వాత తన చెయ్యి నెమ్మదిగా తీసుకుని, సంచి జిప్పు చివరిదాకా లాగింది. వెండెల్ కాగితం మడిచి, టోపీ అందుకుని లేవబోయాడు.

ఆయన ముట్టని కేకు పళ్లాన్ని ఆమె ఆయన ముందుకు జరిపింది.

"కాగితం లోపల పెట్టుకోండి వెండెల్ గారూ. కానీ కేకు తినేదాకా మాత్రం వెళ్ళకండి."