పేగుల గుంట

చెంప ఛెళ్లుమంది.

చిన్నారి పిచ్చుక చేతిలోని చేప తల కింద పడింది.

కొట్టింది కంపు తాత.

"ఈ గుంట దగ్గర ఆడొద్దని ఎన్నిసార్లు చెప్పాలే? పో! లోపలికి పో!"

పిచ్చుక ఏడుస్తూ ఉప్పుచేపల పాకలోకి పరుగెత్తింది. లోపల అమ్మ చేపలు కోస్తోంది. పిల్ల బుగ్గ మీద వేళ్ల అచ్చు చూసి, కత్తి అక్కడే పడేసి లేచింది.

"ఎవడే నిన్ను కొట్టింది?"

"కంపు తాత."

అమ్మకి ఒళ్లు మండిపోయింది.

తుపాకీ గొట్టంలో మందు కూరి కాల్చే రోజులవి. పక్కనే అడవి, ముందు ఏరు. చేపలు ఎదురెక్కే కాలంలో పాక ఆడవాళ్లకి తల ఎత్తే తీరిక ఉండదు. కోసిన చేపకి ఉప్పు పట్టించడం, పేగులూ తలలూ వెనక గుంటలోకి విసిరేయడం, అంతే.

ఈ కంపు తాత రెండు నెలల కిందట ఎక్కడినుంచో ఊడిపడ్డాడు. ఎవరూ పిలవలేదు, ఎవరూ పని చెప్పలేదు. రోజూ ఆ చెత్తంతా తోపుడు బండికెత్తి, కోసెడు దూరం తోసుకెళ్లి, లోతు నీళ్లలో పారబోసి వస్తాడు. పక్కనుంచి పోతే ముక్కు మూసుకోవాల్సిందే. పేరు పిల్లలు పెట్టారు. పెద్దవాళ్లు సంబరంగా ఖాయం చేశారు.

అమ్మ వెళ్లి ఆ బండిని ఒక్క తన్ను తన్నింది.

"నా పిల్ల మీద చెయ్యెత్తడానికి ఎవడివి నువ్వు?"

"అమ్మా, ఈ వాసనకి ఎలుగుబంటి వస్తుంది. పిల్లల్ని ఇటు రానీకు."

"వచ్చినప్పట్నుంచీ ఇదే పాట! ఏదీ, దాని వెంట్రుకైనా కనబడిందా?"

"రోజూ ఎత్తిపోస్తున్నాను కదమ్మా..."

"ఆహా! ఈయన లేకపోతే మనమంతా ఈపాటికి దాని కడుపులో ఉండేవాళ్లం!"

ఆడవాళ్లు గొల్లున నవ్వారు.

గోల విని పాక మేస్త్రీ వచ్చాడు. ముందూ వెనకా అడగలేదు.

"పసిపిల్లని కొట్టేవాడు నాకొద్దు. మళ్లీ ఇటు కనబడ్డావో, కాళ్లు విరగ్గొడతా."

"వెళ్తానయ్యా. గుంట మాత్రం ఏ రోజుకారోజు ఖాళీ చేయించండి. మీ కాళ్లు పట్టుకుంటా."

నిజంగానే వంగాడు. మేస్త్రీ కాలు వెనక్కి లాక్కున్నాడు.

"ఛీ! దూరం జరుగు!"

ఖాళీ చేయించాడా? ఏం చేయిస్తాడు, వాడి మొహం! కోసేవాళ్లే చాలడం లేదు, ఇక మోసేవాళ్లు ఎక్కడినుంచి వస్తారన్నాడు. నాలుగు రోజుల్లో గుంట నిండి పొంగింది. ఆ వాసన గాలితోపాటు అడవిలోకి పోయింది.

అయిదో రోజు మధ్యాహ్నం పిచ్చుక ఉప్పు గోనెలు ఆరేయడానికి పాక వెనక్కి వెళ్లింది. పంపింది అమ్మే.

గుంటలోంచి నల్లగా ఏదో లేచి రెండు కాళ్ల మీద నిలబడింది. మూతి నిండా పేగులు.

పిచ్చుక వెనక్కి తిరగబోయింది.

"పరుగెత్తకు తల్లీ!"

చెట్ల మధ్యనుంచి కంపు తాత. నాలుగు రోజులుగా అక్కడే ఉన్నట్టున్నాడు. చేతిలో పార.

"దాన్నే చూస్తూ వెనక్కి అడుగెయ్. మెల్లగా... ఇంకొకటి..."

ఎలుగు ముందుకు ఉరికింది. తాత అడ్డంగా దూకాడు. పార తిప్పుతూ గొంతు చించుకుని అరిచాడు.

"ఈ పిల్లనివ్వను! ఇవ్వనంటే ఇవ్వను!"

పిచ్చుక పాకలోపలికి చేరి కేక పెట్టింది.

మేస్త్రీ మందు కూరి, తూటా దించి, తుపాకీ పేల్చేసరికి ఎలుగు అడవిలోకి పోయింది. తాత గుంట అంచున పడి ఉన్నాడు. ఊపిరి లేదు.

అమ్మ మేస్త్రీ చొక్కా పట్టుకుంది.

"ఖాళీ చేయించమని కాళ్ల మీద పడబోయాడు కదయ్యా! చేయించావా? నువ్వు మనిషివేనా?"

"తరిమేదాకా ఊరుకోనిది నువ్వు కాదూ?"

అమ్మ చేతులు జారిపోయాయి. నిజమే. ఇప్పుడా కోపం తన మీదికే తిరిగింది. నెత్తి బాదుకుంది. దానివల్ల ఎవరికి లాభం?

సాయంత్రం ఉప్పు పడవ వచ్చింది. పడవవాడు శవం ముఖం మీది గుడ్డ తొలగించి, అక్కడే కూలబడ్డాడు.

"ఈయన ఇక్కడున్నారా!"

"నీకు తెలుసా? ఎవరీ తాత?" అంది అమ్మ.

"తాతేంటమ్మా, నిండా నలభై లేవు. పోయినేడాదికి జుట్టంతా నల్లగానే ఉండేది. ఎగువన ఇంతకి రెండింతల ఉప్పుచేపల పాక ఈయనదే."

"అంతటివాడు మా పేగులెత్తి పోశాడా?"

పడవవాడు గుడ్డ మళ్లీ ముఖం మీద కప్పాడు.

"అక్కడా ఇలాంటి గుంటే ఉండేదమ్మా. రోజూ శుభ్రం చేద్దామని పనివాళ్లంటే, ఎలుగూ లేదు గిలుగూ లేదు, పని చూసుకోండని తిట్టారట. ఆ వారమే వచ్చింది. అప్పుడు గుంట దగ్గర ఆడుకుంటున్నది ఈయన ఒక్కగానొక్క కూతురు."