అంజమ్మ బుగ్గలు

"ఇగ ఈ గోలీ నేను మింగ," అంటూ అంజమ్మ మాత్రల షీటును మంచం మీదికి విసిరేసింది.

ఆమె భర్త పర్వతాలు కంగారుపడ్డాడు. కోదాడలో సిమెంటు దుకాణం నడిపే మనిషి. ఎంత మొండి బేరగాళ్లనైనా లొంగదీస్తాడు గానీ, పెళ్లాం మొండికేస్తే చేతులెత్తేస్తాడు.

"ఏమైందే?"

"మార్కెట్ల నా పాత దోస్తు సుక్కమ్మ కలిసింది. నన్ను వట్టుకొని, 'అంజమ్మకు నువ్వేమైతవమ్మా?' అనడుగుతది. ఈ గోలీలతోని మొఖం గిట్ల బూరె లెక్క ఉబ్బితే ఎవలు గుర్తువడ్తరు?"

అతనికి నవ్వొచ్చింది. నవ్వితే కొంప మునుగుతుందని మీసం దువ్వుకున్నాడు.

"సూర్యాపేట డాక్టర్ జెప్పింది మర్చినవా? ఒంట్ల కాపలా కాసే కణాలు ఒకదానికొకటి కబుర్లు పంపుకుంటయట. గా కబుర్లనే సైటోకైన్లంటరు. గా కణాలు నీ లివర్‌ను సూసి, ఎవడో పరాయోడు జొచ్చిండని కబురు వెడ్తున్నయి. కాపలోళ్లంత పోయి దాని మీద పడుతున్నరు. గా లొల్లిని సల్లార్చేదే ఈ స్టెరాయిడ్ గోలీ. ఒక్కసారే బంద్ జేస్తే పాణం మీదికొస్తది."

"నా లివరు వాటికి పరాయిదెట్లయిందయ్యా? నాతోనే పుట్టింది గద!"

"ఎందుకట్ల గుర్తువట్టవో డాక్టర్లకు సుత పూరా తెల్వదట."

"ఏమన్నగానీ, ఈ మొఖం నాది గాదు. నాకొద్దు."

వాదనతో పని జరిగేలా లేదు. కళ్లు పచ్చబడి, అన్నం సయించక ఆమె మంచాన పడ్డ రోజులు గుర్తొచ్చి అతనికి భయం వేసింది. ఆమె లేని ఇంటిని ఊహించుకోలేడు. షీటు చేతిలోకి తీసుకుని పక్కన కూర్చున్నాడు.

"సుక్కమ్మకు తెల్వకపోతే తెల్వకపాయె. నాకైతే ఈ మొఖం ఎరికే అంజీ. మిర్యాలగూడ బస్సుల నేను మొదాలు సూసింది గీ బుగ్గలనే. జామకాయ కొరుక్కుంట ఒకటే నవ్వుడు! గరిడేపల్లిల నువ్వు దిగితే నేను సుత దిగిన. నా టికెట్ కోదాడదాంక ఉండె."

అంజమ్మ తన బుగ్గలు తడుముకుంది.

"నువ్వు ఏ సందుల మలిగినవో సూసుకొని, మా నాయనను మీ ఇంటికి పంపిన. పెండ్లినాటికి సూస్తే బుగ్గలు పోయినయి. పెండ్లి రందితోని చిక్కినవనుకున్న. ఇన్నేండ్లకు మళ్ల వచ్చినయే! పొద్దుగాల లేసి నిన్ను సూస్తే, ఇంక గా బస్సులనే కూసున్నట్టుంటది."

మోతాదు తగ్గిస్తే బుగ్గలు కూడా తగ్గుతాయని డాక్టర్ చెప్పినప్పుడు అతను లోలోపల కాస్త చిన్నబుచ్చుకున్నాడు కూడా. ఆ సంగతి మాత్రం పెళ్లానికి చెప్పలేదు.

అంజమ్మ చెయ్యి చాపి మాత్ర తీసుకుని, నోట్లో వేసుకుని, గ్లాసెడు నీళ్లు తాగింది.

"నిజంగ మింగినవా?"

"మింగిన. రోజూ మింగుత. నీకోసమన్న బతకాలె గద."

హమ్మయ్య అనుకున్నాడు పర్వతాలు. ఆమె కొంగుతో మూతి తుడుచుకుని, అతని చేతి మీద చెయ్యి వేసి మెల్లగా అంది.

"గానీ గా జామకాయ తిన్నది నేను గాదయ్యా, మా పక్కింటి స్వర్ణ. దాని ఎన్క సీట్ల పుల్ల లెక్క కూసున్నది నేను."